హాకీంపేటలో నేర్చింది సియాచిన్‌లో ఎంతవరకు పనికొస్తుంది?

మిలిటరీ హెలికాప్టర్ల గురించి ఎక్కడ చర్చ మొదలైనా ముందు మిసైళ్ల లెక్క వస్తుంది. అపాచీ 16 హెల్‌ఫైర్లు మోస్తుంది, చినూక్ సుమారు 10 టన్నులు ఎత్తుతుంది, ఫలానాది గంటకు ఇన్ని కిలోమీటర్లు పోతుంది అంటూ. ఇవేవీ అబద్ధాలు కావు. కాకపోతే కంపెనీవాళ్లు ఇచ్చే ఇలాంటి అంకెల వెనుక సాధారణంగా ఒక షరతు ఉంటుంది: సముద్రమట్టం, 15 డిగ్రీల ఉష్ణోగ్రత. మన హైదరాబాదే దాదాపు 1,800 అడుగుల ఎత్తులో ఉంది, 15 డిగ్రీలు కనిపించేది చలికాలంలో తెల్లవారుజామున. ఇక మే నెలలో మధ్యాహ్నం సంగతి చెప్పక్కర్లేదు. అంటే ఆ అంకెల్లో కొంత భాగం హెలికాప్టర్ నేల విడవకముందే పోతుంది.

హెలికాప్టర్ పైకి లేచేది గాలిని కిందికి నెట్టి. గాలి పలచబడితే నెట్టడానికి సరుకు తగ్గినట్టే. ఎత్తుకు వెళ్లినా, ఎండ పెరిగినా జరిగేది ఇదే. 20,000 అడుగుల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడ దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది, ఎందుకంటే రెక్కలకు పట్టు తగ్గడంతో పాటు ఇంజిన్‌కూ ఊపిరి ఆడదు, దాని పవర్ కూడా పడిపోతుంది. విమానమైతే రన్‌వే మీద ఇంకాస్త పరుగెత్తి సర్దుకుంటుంది, గాల్లో ఒకేచోట నిలబడాల్సిన హెలికాప్టర్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకే పైలట్లు బయల్దేరే ముందు చూసుకునేది ఎన్ని మిసైళ్లని కాదు, ఈ ఎత్తులో, ఈ వేడిలో, ఇంత ఇంధనంతో ఎన్ని కిలోలు మిగులుతాయని. యుద్ధంలో అయినా ట్రైనింగ్‌లో అయినా సత్తా అంటే ఆ మిగిలినదే.

దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ చీతా హెలికాప్టర్. చూడటానికి గాజు బుడగకు ఇనుప ఊచలు తగిలించినట్టుంటుంది, ఒకే ఇంజిన్, ఆయుధాలంటూ పెద్దగా ఏమీ ఉండవు. ఫ్రాన్స్‌లో దీని పేరు లామా. హిమాలయాల్లో ఎగరగల హెలికాప్టర్ కావాలని భారత్ అడిగితే, అక్కడి ఇంజనీర్లు అలౌట్ 2 అనే హెలికాప్టర్ తేలికపాటి శరీరానికి, అలౌట్ 3 అనే ఇంకో హెలికాప్టర్ ఇంజిన్‌నీ రోటర్‌నీ (తిరిగే రెక్కల చక్రాన్ని) జోడించి తయారుచేశారు. కిటుకంతా ఇంజిన్‌లో ఉంది. ఆ ఆర్టూస్ట్ ఇంజిన్ అసలు సామర్థ్యం 870 హార్స్‌పవర్, దాన్ని 550కే పరిమితం చేశారు. కింద ఉన్నప్పుడు ఇంజిన్ పూర్తి బలంతో పనిచేయదు, మిగతాదంతా దాచిపెట్టుకుంటుంది, పైకి పోయి గాలి పలచబడ్డాక ఆ దాచుకున్నదాన్ని బయటికి తీస్తుంది. 1972 జూన్ 21న జాన్ బూలే అనే ఫ్రెంచ్ టెస్ట్ పైలట్ లామాను 12,442 మీటర్లకు తీసుకెళ్లాడు, ఎవరెస్ట్ కంటే మూడున్నర కిలోమీటర్లు పైకి. అక్కడ ఇంజిన్ ఆరిపోయింది. అంత ఎత్తు నుంచి ఇంజిన్ లేకుండానే క్షేమంగా దిగాడు. అదెలా సాధ్యమో కాసేపట్లో చూద్దాం, ఎందుకంటే ట్రైనింగ్‌కు గుండెకాయ లాంటి విద్య అదే.

1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో సైన్యం సియాచిన్ ఎక్కినప్పటి నుంచీ అక్కడి పై పోస్టులకు ఆధారం ఈ చీతాలే. 20,000 అడుగుల దగ్గర్లో ఉండే హెలిప్యాడ్ అంటే మంచులో చదును చేసిన కాస్త జాగా, పక్కన లోయ. అంత ఎత్తుకు చీతా మోసుకెళ్లేది కొన్ని పదుల కిలోలు, అదీ ట్యాంకులో పోయిరావడానికి చాలినంత ఇంధనం మాత్రమే నింపి, అక్కర్లేని ప్రతి వస్తువునూ తీసేసి బరువు తగ్గించుకున్నాక. గాలి చల్లగా, స్థిరంగా ఉండే ఉదయం పూటే పని ముగించాలని చూస్తారు. సాధారణంగా రెండేసి హెలికాప్టర్లు కలిసి వెళ్తాయి, ఒకదానికి ఏమైనా అయితే చూడటానికి రెండోది ఉండాలి కదా. దిగాక ఇంజిన్ ఆపరు, ఆపితే ఆ చలిలో, ఆ పలచటి గాలిలో మళ్లీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు. రెక్కలు తిరుగుతుండగానే కిరసనాయిలు డబ్బాలో, కూరగాయలో, ఉత్తరాలో దింపడం, జబ్బుపడ్డ జవానుంటే ఎక్కించుకోవడం, లేచిపోవడం. పోస్టుకు దగ్గరయ్యాక గాలి మీద అంచనా తప్పితే, మళ్లీ పైకి లేచి రెండోసారి ప్రయత్నించడానికి ఇంజిన్‌లో మిగులు ఉండదు. కాబట్టి ఆ హెలిప్యాడ్ వైపు తిప్పకముందే, కుదరకపోతే ఎటు జారిపోవాలో పైలట్ ఒక దారి చూసి పెట్టుకుంటాడు. ఎక్కువసార్లు ఆ దారి పక్కనున్న లోయలోకే ఉంటుంది, కిందికి దూకితే స్పీడ్ వస్తుంది, స్పీడ్ వస్తే రెక్కలకు పట్టు దొరుకుతుంది.

ఇలాంటి పైలట్ తయారయ్యేది మన కళ్ల ముందే. ఎయిర్‌ఫోర్స్ క్యాడెట్లు దుండిగల్ అకాడమీలో మొదట పిలాటస్ విమానం మీద ఎగరడం నేర్చుకుంటారు, ఆ తర్వాత హెలికాప్టర్ శాఖకు ఎంపికైనవాళ్లు హాకీంపేట హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్‌కు వస్తారు. ఆర్మీకి నాసిక్‌లో, నేవీకి తమిళనాడు అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళిలో విడిగా స్కూళ్లున్నాయి. మూడు చోట్లా తరతరాలుగా పాఠం చెప్పింది చేతక్, అంటే మనం ఇందాక చెప్పుకున్న అలౌట్ 3. 1950ల చివరి నాటి డిజైన్. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు దాని చప్పుడు కొత్తేం కాదు.

మొదట కొరకరాని కొయ్య హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలబడటం. ఎడమచేతిలో కలెక్టివ్ లివర్, ఎత్తితే హెలికాప్టర్ లేస్తుంది. కుడిచేతిలో సైక్లిక్ స్టిక్, ఎటు వంచితే అటు పోతుంది. కాళ్ల కింద పెడల్స్, తోకనున్న చిన్న ఫ్యాన్‌ను ఇవి చూసుకుంటాయి. చిక్కల్లా ఏమిటంటే ఒకదాన్ని కదిపితే మిగతా రెండూ చెడతాయి. కలెక్టివ్ ఎత్తగానే ముక్కు పక్కకు తిరుగుతుంది, దాన్ని పెడల్‌తో ఆపితే హెలికాప్టర్ పక్కకు జరుగుతుంది, దాన్ని సైక్లిక్‌తో లాగితే ఎత్తు తగ్గుతుంది, మళ్లీ కలెక్టివ్. కొత్త క్యాడెట్ ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాడు, జరిగిపోయినదాన్ని సరిచేస్తుంటాడు, ఈలోపు హెలికాప్టర్ మైదానమంతా తూలుతూ తిరుగుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి చేతులకే తెలిసిపోతుంది, ఇక అక్కడి నుంచి అది ఆలోచించి చేసే పని కాదు.

రెండోది ఆటోరొటేషన్, అంటే ఇంజిన్ బలం లేకుండా దిగడం. ఇన్‌స్ట్రక్టర్ చెప్పాపెట్టకుండా ఇంజిన్ పవర్ తగ్గించేస్తాడు. వెంటనే కలెక్టివ్ పూర్తిగా దించేయాలి, ఇక్కడ ఆలస్యం చేస్తే రెక్కల వేగం పడిపోయి ఇక తిరిగి రాదు. దించితే హెలికాప్టర్ వేగంగా కిందికి జారుతుంది, కింది నుంచి ఎదురొచ్చే గాలే రెక్కలను తిప్పుతూ ఉంటుంది. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి నేలకు చేరడానికి ఉండేది అర నిమిషం అటూఇటూ. ఆ కాస్త సమయంలో చోటు చూసుకోవాలి, గాలికి ఎదురు తిరగాలి, నేల దగ్గరపడ్డాక ముక్కు పైకెత్తి వేగం చంపాలి, ఆఖరి క్షణంలో కలెక్టివ్ లాగి రెక్కల్లో మిగిలి ఉన్న తిరుగుడునంతా ఒక్కసారి వాడేసుకుని మెత్తగా దిగాలి. ఆ లాగుడు ఒక్కసారే. ముందే లాగితే పైనుంచి పడతాం, ఆలస్యంగా లాగితే నేలకు గుద్దుకుంటాం. బూలే 12 కిలోమీటర్ల ఎత్తు నుంచి చేసిందీ ఇదే పని, కాకపోతే ఆయనకు ఆలోచించుకోవడానికి బోలెడంత టైం దొరికింది. తక్కువ ఎత్తులో నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంజిన్ ఆగితే అసలు ఈ విద్యకు చోటే ఉండదు, ఆ పరిధిని పైలట్లు డెడ్ మ్యాన్స్ కర్వ్ అంటారు. తమాషా ఏమిటంటే యుద్ధంలో హెలికాప్టర్లు చేసే పనుల్లో సగం ఆ కర్వ్ లోపలే జరుగుతాయి.

ఇక్కడిదాకా హాకీంపేట సరిపోతుంది. కానీ దక్కన్ పీఠభూమి చదును నేల మీద కొండలోయల్లో గాలి తిరిగే తీరు తెలియదు, దుమ్ము లేచి నేల కనపడకపోవడం తెలియదు. రాత్రి పూట వాడే నైట్ విజన్ గాగుల్స్ కూడా వేరే ప్రపంచం, అందులోంచి కనిపించేది సుమారు 40 డిగ్రీల వెడల్పు మాత్రమే, ఏది ఎంత దూరంలో ఉందో కన్ను సరిగ్గా పట్టుకోలేదు. ఇవన్నీ యూనిట్‌కు వెళ్లాక, సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినవే. సిమ్యులేటర్లు చాలావరకు సాయం చేస్తాయి, ఇంజిన్ మంటల్లాంటివి నిజం హెలికాప్టర్‌లో ప్రాక్టీస్ చేయలేరు కదా. అయినా సిమ్యులేటర్‌లో ఏం పెట్టారన్నది పెట్టినవాడి ఊహ మీద ఆధారపడి ఉంటుంది. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

2011 మే 2న అబ్బోటాబాద్‌లో బిన్ లాడెన్ ఇంటి మీదికి వెళ్లిన అమెరికా బ్లాక్‌హాక్ హెలికాప్టర్ ఒకటి ఆవరణలో కూలబడింది. నడిపినవాళ్లు ఆ దేశంలో ఆరితేరిన పైలట్లు. అచ్చం అలాంటి ఇంటినే నార్త్ కరోలినాలో కట్టి మరీ రిహార్సల్స్ చేశారు. ఒక్క తేడా: అసలు ఇంటికి ఎత్తయిన గట్టి ప్రహరీ ఉంది, నమూనాకు గోడల బదులు ఇనుప వల కంచె పెట్టారు. రెక్కలు కిందికి తోసిన గాలి కంచెలోంచి హాయిగా బయటికి పోయింది. అసలు చోట గోడకు కొట్టుకుని పైకి లేచి మళ్లీ రెక్కల్లోకే వచ్చింది, పైగా ఆ రాత్రి అనుకున్న దానికంటే వేడిగా ఉంది. తన గాలిలో తనే చిక్కుకుంటే హెలికాప్టర్‌కు ఇక లిఫ్ట్ ఉండదు, కలెక్టివ్ ఎత్తేకొద్దీ ఇంకా దిగుతుంది. ఎవరూ చనిపోలేదంటే అది పైలట్ గొప్పతనమే, పడిపోతున్నదాన్ని పల్టీ కొట్టకుండా ముక్కును నేలకు ఆనించాడు.

అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇరాక్‌లో ఇదే తప్పు ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. అపాచీ పుట్టింది జర్మనీ అడవుల కోసం. చెట్ల చాటున హోవర్‌లో నక్కి, సోవియట్ ట్యాంకులు బారులు తీరి వస్తుంటే దూరం నుంచి కొట్టి మళ్లీ దాక్కోవడం దాని పద్ధతి, ఏళ్ల తరబడి ట్రైనింగ్ కూడా అలాగే సాగింది. 2003 మార్చి 24 తెల్లవారకముందు కర్బలా దగ్గర ఇరాక్ సైన్యపు మెదీనా డివిజన్ మీదికి 31 అపాచీలు వెళ్లాయి. అక్కడ అడవి లేదు, ఇళ్లున్నాయి. ఊళ్లో లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వెలిగాయి, అదే సిగ్నల్. ప్రతి మిద్దె మీద నుంచీ, ప్రతి సందులోంచీ తుపాకులు పేలాయి. ఒకటి కూలింది, ఇద్దరు పైలట్లు బందీలయ్యారు, మిగతావాటిలో దాదాపు అన్నీ బుల్లెట్ల దెబ్బలతో తిరిగొచ్చాయి. అపాచీ గట్టిది కాబట్టి అన్ని తూట్లతోనూ ఇల్లు చేరింది, అది మెచ్చుకోవాల్సిందే, కానీ ట్యాంకులను మాత్రం అనుకున్నట్టు దెబ్బతీయలేకపోయింది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే పద్ధతి మార్చుకున్నారు: నిలబడి కొట్టడం మానేసి కదులుతూ కొట్టడం, జెట్ విమానాలతో కలిసి వెళ్లడం. మెషీన్ అదే, మిసైళ్లూ అవే.

మనకు ఆ పాఠం కార్గిల్‌లో అందింది, అదీ చాలా ఖరీదుగా. 1999 మే 28న తోలోలింగ్ దగ్గర రాకెట్లతో దాడికి వెళ్లిన ఎంఐ 17 హెలికాప్టర్లలో ఒకదాన్ని భుజం మీద పెట్టుకుని పేల్చే మిసైల్ కూల్చింది, నలుగురు సిబ్బంది చనిపోయారు. వేడిని వెతుక్కుంటూ వచ్చే మిసైల్‌ను పక్కదారి పట్టించే ఫ్లేర్లు ఆ హెలికాప్టర్‌కు లేవు. నిజానికి ఎంఐ 17 సామాన్లు, మనుషులు మోయడానికి పుట్టింది, దాన్ని దాడికి పంపడమే ఒక గత్యంతరం లేని పని. మరి దాడి కోసమే కొన్న ఎంఐ 35లు ఏమయ్యాయి? వాటికి కవచం బరువు, ఆయుధాల బరువు ఎక్కువ, ఆ ఎత్తులో అవి పనికిరాలేదు. కాగితం మీద భయంకరమైన హెలికాప్టర్లు మైదానాల్లో ఉండిపోతే, శత్రువు కొండ శిఖరం మీద కూర్చున్నాడు. ఈ ఘటన తర్వాత హెలికాప్టర్లను దాడుల నుంచి తప్పించారు.

మన సొంత దాడి హెలికాప్టర్ ప్రచండ్ మూలం ఆ ఖాళీలో ఉంది. ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ దాన్ని కొత్తగా మొదలుపెట్టలేదు, తన ధ్రువ్ హెలికాప్టర్ రోటర్, ఇంజిన్లు తీసుకుని, ఇద్దరు పైలట్లు ముందూవెనకా కూర్చునే సన్నటి శరీరం కట్టింది. ఫ్రాన్స్‌వాళ్లతో కలిసి చేసిన శక్తి ఇంజిన్లు రెండు, గరిష్ఠ బరువు 5.8 టన్నులు. తేలిగ్గా ఉంచడమే ఇక్కడ అసలు డిజైన్. 2010 మార్చిలో మొదటిసారి ఎగిరింది, 2022 అక్టోబర్ 3న జోధ్‌పూర్‌లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరింది, అంటే కార్గిల్ తర్వాత 23 ఏళ్లకు! 5,000 మీటర్ల ఎత్తులో ఆయుధాలతో దిగి మళ్లీ లేవగలదన్నది దాని ప్రత్యేకత. 20 ఎంఎం తుపాకీ, 70 ఎంఎం రాకెట్లు, గాల్లోని లక్ష్యాలకు మిస్ట్రాల్ మిసైళ్లు ఉన్నాయి. ట్యాంకులను కొట్టే మిసైల్ మాత్రం చేరిననాటికి దానికి అమర్చలేదు, ఈ సంగతి మెచ్చుకోలు వార్తల్లో ఎక్కువగా కనపడదు. 2025 మార్చిలో రూ. 62,700 కోట్లతో మరో 156 కొనడానికి ఒప్పందం కుదిరింది, 90 ఆర్మీకి, 66 ఎయిర్‌ఫోర్స్‌కు.

అపాచీతో దీన్ని పోల్చి ఏది గొప్పదని కొట్టుకోవడం దండగ. రాజస్థాన్, పంజాబ్ వైపు ట్యాంకులు వస్తే అపాచీకి సాటి లేదు. దాని రాడార్, సెన్సార్లు వేరే స్థాయి. ఆ అపాచీల శరీరాలు తయారయ్యేది హైదరాబాద్ శివారు ఆదిబట్లలో టాటా బోయింగ్ ఫ్యాక్టరీలోనే. కానీ లద్దాఖ్‌లో 2024 ఏప్రిల్‌లో ఒక అపాచీ ముందుజాగ్రత్తగా దిగబోయి దెబ్బతింది, ఎగుడుదిగుడు నేల, ఎత్తు కారణమని ఎయిర్‌ఫోర్సే చెప్పింది.

శత్రువు సంగతి పక్కన పెడితే, మన హెలికాప్టర్లను ఎక్కువగా దెబ్బతీసింది వేరే విషయాలు. 2019 ఫిబ్రవరి 27న బుడ్గాంలో ఎంఐ 17 వీ5ను కూల్చింది మన మిసైలే, మనదో కాదో చెప్పే పరికరం ఆఫ్‌లో ఉంది, కింద సమన్వయం లేదు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చిత్తూరు జిల్లా జవాను కూడా చనిపోయిన ప్రమాదంలో యంత్రానికి ఏ లోపమూ లేదని విచారణ తేల్చింది. ఉన్నట్టుండి వాతావరణం మారి మేఘంలోకి వెళ్లారు, దిశాభ్రాంతి కలిగింది, బాగా పనిచేస్తున్న హెలికాప్టర్ కొండను ఢీకొట్టింది. లోపలి చెవి ఒకటి చెబుతుంది, మీటర్లు ఇంకోటి చెబుతాయి, మీటర్లనే నమ్మాలని ప్రతి పైలట్‌కూ తెలుసు, తెలిసినా శరీరం ఒప్పుకోదు. దీనికి మందు మేఘాల్లో ఎగిరే ప్రాక్టీస్ గంటలే, ఆ గంటలు ఖరీదైనవి, ఫొటోలకు బాగుండవు. 2025 జనవరి 5న పోరుబందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ కూలాక మొత్తం ధ్రువ్‌లన్నీ నెలల తరబడి నేల మీదే ఉండిపోయాయి. పైలట్ చేతి కదలికను రెక్కలకు అందించే స్వాష్‌ప్లేట్ అనే భాగం విరిగినట్టు తేలింది. వందల హెలికాప్టర్లు ఆగితే వాటి పైలట్ల ప్రాక్టీస్ కూడా ఆగుతుంది, ఆ నష్టం ఏ లెక్కలోనూ రాయరు.

ఉక్రెయిన్ యుద్ధం చూశాక మరో ప్రశ్న వచ్చింది, అసలు ఇంత డబ్బు పోసి వీటిని కొనడం ఎందుకని. అక్కడ రెండు వైపులా హెలికాప్టర్లు ముందు వరుస దాటి పోవడం దాదాపు మానేశాయి, దూరం నుంచే ముక్కెత్తి రాకెట్లు విసిరి వెనక్కి తిరిగిపోతున్నాయి, గురి సంగతి దేవుడెరుగు. 2022 డిసెంబర్‌లో జపాన్ తన దాడి హెలికాప్టర్లను తప్పించి డ్రోన్లు పెట్టుకుంటానంది. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఆర్మీ కొత్త దాడి, నిఘా హెలికాప్టర్ ప్రాజెక్టునే ఎత్తేసింది. అదే సంవత్సరం చివరి రోజున, నల్లసముద్రంలో పడవ డ్రోన్ నుంచి మిసైల్ వదిలి రష్యా ఎంఐ 8 హెలికాప్టర్‌ను కూల్చామని ఉక్రెయిన్ ప్రకటించింది.

అయినా దీన్ని పట్టుకుని హెలికాప్టర్ పని అయిపోయిందనడం తొందరపాటే. 2023 వేసవిలో ఉక్రెయిన్ ట్యాంకులు జాపొరీజియా వైపు మైన్లలో ఇరుక్కున్నప్పుడు, ఎనిమిది కిలోమీటర్ల దూరం నుంచి రష్యా దాడి హెలికాప్టర్లు కే 52లు వాటిని తీరిగ్గా కొట్టాయి, అక్కడ అడ్డుకోవడానికి తగిన ఎయిర్ డిఫెన్స్ లేదు. పైగా గాయపడ్డ జవానును 18,000 అడుగుల నుంచి దించే డ్రోన్ ఇంకా రాలేదు. చీతాల బదులు రావాల్సిన హెచ్ఏఎల్ తేలికపాటి హెలికాప్టర్ 2016లోనే ఎగిరింది, అది పోస్టులకు చేరడంలో జరిగిన ఆలస్యమే మనకు డ్రోన్ల కంటే పెద్ద టెన్షన్.

డ్రోన్ల విషయంలో ఇంకో మలుపు కూడా ఉంది. గంటకు 180 కిలోమీటర్ల చొప్పున నింపాదిగా వచ్చే షాహెద్ దాడి డ్రోన్ల మీద లక్షల డాలర్ల మిసైల్ వాడటం ఎవరికీ గిట్టుబాటు కాదు, ఫైటర్ జెట్‌కు అది మరీ నెమ్మది లక్ష్యం. ఉక్రెయిన్ పాత ఎంఐ 8ల తలుపు దగ్గర మెషిన్‌గన్ పెట్టి వాటిని వేటాడుతోంది, ఇజ్రాయెల్ అపాచీలూ డ్రోన్లను కూల్చాయి. ప్రచండ్‌ను చేర్చుకున్నప్పుడు చెప్పిన పనుల జాబితాలో కూడా నెమ్మదిగా ఎగిరే విమానాలను, పైలట్ లేని విమానాలను కూల్చడం ఉంది. పైలట్ హెల్మెట్ ఎటు తిరిగితే అటు తిరిగే తుపాకీ దానికి అక్కరకొస్తుంది. రాత్రి పూట, గాగుల్స్‌లో, తక్కువ ఎత్తులో, దూరం సరిగ్గా తెలియని చిన్న వస్తువును వెంబడించి కాల్చడానికి మాత్రం టార్గెట్ డ్రోన్లు కావాలి, నిజం గుళ్లు కావాలి, ఎగిరే గంటలు కావాలి. 62,700 కోట్లలో హెలికాప్టర్లతో పాటు ట్రైనింగ్ సామగ్రి కూడా ఉంది. అందులో వీటికి ఎంత చోటు దొరుకుతుందో చూడాలి.